పాదరసాన్ని బయటికి పంపే మందు వేసుకుంటుంటే కడుపు తిప్పుతోందా? ఏది మార్చాలి, ఏది ఆపాలి

ఒంట్లో చేరిన పాదరసాన్ని పట్టుకుని బయటికి పంపే మందులు కొన్ని ఉన్నాయి. ఆ చికిత్సను కీలేషన్ అంటారు. హనుమకొండలో మందుల షాపు నడుపుతున్న నా దగ్గరికి ఈ మందుల చీటీ తరచుగా రాదు. వచ్చినవాళ్లు మాత్రం నాలుగు రోజులకే మళ్లీ వస్తారు, కడుపు గురించి అడగడానికి. వికారం, వాంతి, నీళ్ల విరేచనాలు, నోట్లో ఇనుప రుచి, అన్నం ముందు కూర్చుంటే సయించకపోవడం. ఆపేయమంటారా, ఓర్చుకోమంటారా, ఇంకేదైనా మాత్ర ఇస్తారా అని వాళ్ల ప్రశ్న. ఇంట్లో మీరు ఏది నిర్ణయించుకోవచ్చు, ఏది డాక్టర్‌కే వదిలేయాలి అన్నది విడివిడిగా చెప్తాను.

ముందుగా ఒక అపోహ పోవాలి. విరేచనాలు అవుతుంటే విషం దిగిపోతోందని చాలామంది నమ్ముతారు. ఇంట్లో పెద్దవాళ్లు కూడా "పోనీ బిడ్డా, లోపలిదంతా కడుక్కుపోతది" అంటారు. ఈ మందులు పట్టుకున్న పాదరసం ఎక్కువగా కిడ్నీల ద్వారా, మూత్రంలో పోతుంది. విరేచనాల్లో పోయేది ఒంట్లోని నీళ్లు, ఉప్పు. ఒంట్లో నీళ్లు తగ్గితే మూత్రం తగ్గుతుంది, పాదరసం దెబ్బ ముందే తగిలిన కిడ్నీల మీద ఇంకో బరువు పడుతుంది. అంటే ఆ విరేచనాలు చికిత్స పనిచేస్తోందనడానికి గుర్తు కాదు, చికిత్సకే అడ్డం. వాంతుల సంగతీ అంతే.

కడుపు ఎందుకు పాడైందో తేల్చుకోకుండా మాత్ర మార్చడం వల్ల లాభం లేదు. కారణాలు మూడు రకాలు. మొదటిది పాదరసమే. చిగుళ్లు వాయడం, నోట్లో పుండ్లు, లాలాజలం ఊరడం, కడుపునొప్పి దానితోనే వస్తాయి. మందు మొదలుపెట్టకముందు నుంచీ ఇవి ఉంటే తప్పు మందుది కాదు. రెండోది మందు. మాత్ర వేసుకున్న గంటా రెండు గంటల్లో మొదలై, తర్వాతి డోసు లోపు సద్దుమణిగితే అనుమానం దాని మీదే. మూడోది ఆ మందుతో పాటు మనంతట మనం వేసుకునేవి: జింక్, ఐరన్, మెగ్నీషియం, ఎవరో చెప్పిన పొడులు, పసర్లు. నేను చూసినంతలో ఎక్కువ గొడవ ఈ మూడోదానితోనే వస్తోంది. డాక్టర్‌కు వీటి గురించి ఎవరూ చెప్పరు, ఎందుకంటే వాటిని ఎవరూ మందులుగా లెక్కపెట్టరు.

అసలు కీలేషన్ కావాలా, మూలం ఆపితే చాలా?

కడుపును కాపాడుకునే అన్నిటికంటే మంచి ఉపాయం, అవసరం లేని కీలేషన్ చేయించుకోకపోవడం. కాబట్టి ఈ ఎంపిక దగ్గరే కాస్త ఆగాలి.

మన వైపు పాదరసం ఒంట్లోకి వెళ్లే దారులు నాలుగైదు. అవుసుల పనిలో బంగారం దుమ్మును పాదరసంతో కలిపి, వేడి చేసి బంగారం రాబట్టే పాత పద్ధతి ఒకటి. అక్కడ ప్రమాదమంతా ఆవిరితో. పీల్చిన ఆవిరిలో దాదాపు ఎనభై శాతం ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి పోతుంది. ఊరూ పేరూ లేని తెల్లబరిచే క్రీములు ఇంకొకటి. కేరళలో మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో డాక్టర్లు ఇలాంటి క్రీములు వాడినవాళ్లలో కిడ్నీ నుంచి ప్రోటీన్ పోయే జబ్బును గుర్తించడంతో 2023లో ఇది దేశమంతా వార్త అయింది. మూడోది రసౌషధాలు. రససింధూరం, మకరధ్వజం, కజ్జలి అనే పేర్లున్నవి పాదరసంతో చేసేవే. 2008లో అమెరికా పరిశోధకులు ఇంటర్నెట్‌లో అమ్ముతున్న 193 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే, సుమారు ఐదింటిలో ఒకదానిలో సీసమో పాదరసమో ఆర్సెనికో తేలింది. ఇవి కాక పగిలిన థర్మామీటర్లు, పాత బీపీ మిషన్లు, పెద్ద సముద్రపు చేపలు.

పిల్లవాడు థర్మామీటర్ కొరికి పాదరసం మింగాడని పరుగెత్తుకొచ్చే తల్లిదండ్రులకు ఒక మాట. మింగిన పాదరసపు చుక్క పేగుల నుంచి రక్తంలోకి దాదాపు పోదు, మలంలో వెళ్లిపోతుంది. గాజు ముక్కలు గుచ్చుకున్నాయా, నేల మీద పడింది ఆవిరవుతోందా అన్నవే అక్కడ చూడాల్సినవి. కిటికీలు తీయండి. చీపురుతో ఊడ్వకండి, వాక్యూమ్ క్లీనర్ పెట్టకండి, చుక్క ఇంకా చిన్న చిన్న చుక్కలై గది నిండా చేరుతుంది. దీనికి కీలేషన్ మాట సాధారణంగా రాదు. పాదరసపు లవణాలు మింగడం పూర్తిగా వేరే సంగతి. అవి పేగును కాలుస్తాయి, రక్త విరేచనాలు అవుతాయి, అది ప్రాణం మీదికి వచ్చే ఎమర్జెన్సీ.

మూలం ఆపేస్తే శరీరం తనంతట తానే పాదరసాన్ని వదిలించుకుంటుంది. సుమారు రెండు నెలలకు సగం తగ్గుతుందని ఒక మోటు లెక్క. లక్షణాలు లేకుండా, రిపోర్టులో అంకె కాస్త ఎక్కువ ఉన్నవాళ్లకు మూలం ఆపి, మళ్లీ పరీక్ష చేయించుకోవడమే సరైన దారి. వణుకు, నిద్ర పట్టకపోవడం, మతిమరుపు, మూత్రంలో నురగ, కాళ్ల వాపు లాంటివి ఉండి, పరీక్షలో స్థాయి కూడా బాగా ఎక్కువ ఉంటే అప్పుడు కీలేషన్ గురించి డాక్టర్ ఆలోచిస్తారు. మూలం ఆగకుండా మందు మొదలుపెట్టడం దండగ. క్రీమ్ రాసుకుంటూనే, పొయ్యి దగ్గర ఆవిరి పీలుస్తూనే మాత్రలు వేసుకుంటే కడుపు మాత్రమే పాడవుతుంది.

పరీక్షల్లోనూ ఎంపిక ఉంది. ఆవిరి వల్ల, క్రీముల వల్ల చేరినదానికి మూత్ర పరీక్ష మంచిది. చేపల నుంచి వచ్చే మిథైల్ పాదరసానికి రక్త పరీక్ష. వరంగల్‌లో తీసిన శాంపిల్‌ను బయటి నగరానికి పంపే ల్యాబ్ అయితే, లోహాల పరీక్షకు వాడే ముదురు నీలం మూత ట్యూబులో తీస్తున్నారా అని అడగండి. మూత్రానికి ల్యాబ్ ఇచ్చిన డబ్బానే వాడండి, ఇంట్లో కూల్‌డ్రింక్ సీసా వద్దు. ముందు కీలేషన్ మాత్ర ఇచ్చి, ఆ తర్వాత మూత్రం పట్టి, వచ్చిన అంకె చూపించి భయపెట్టే పద్ధతి ఒకటుంది. మందు వేస్తే మామూలు మనిషి మూత్రంలో కూడా అంకె పెరుగుతుంది. అమెరికాలో విషవైద్య నిపుణుల సంఘం ఈ పరీక్షను నమ్మదగింది కాదని తేల్చి చెప్పింది. ఆ రిపోర్టు ఒక్కటి పట్టుకుని చికిత్స మొదలుపెట్టవద్దు.

నాలుగు మందులు, కడుపు వైపు నుంచి చూస్తే

ఏ మందు ఇవ్వాలన్నది డాక్టర్ నిర్ణయం. కానీ మీ కడుపు ఏ మందుతో ఎలా ఉంటుందో తెలిస్తే మీరు సరైన ప్రశ్న అడగగలరు.

డి-పెన్సిలమిన్ మన దగ్గర అన్నిటికంటే సులువుగా దొరికేది. ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ జబ్బుకు ఏళ్లతరబడి వాడుతున్న మందు కాబట్టి డాక్టర్లకు అలవాటు, షాపుల్లో తెప్పించడం తేలిక. దీనితో కడుపుకు వచ్చే ఇబ్బందులు వికారం, ఆకలి తగ్గడం, పైకడుపు మంట, కొందరికి రుచి పూర్తిగా పోవడం. ఉప్పు, పులుపు తెలియక పచ్చి పులుసు కూడా నీళ్లలా ఉందంటారు. రుచి చాలామందికి కొన్ని వారాల్లో, నెలల్లో తిరిగి వస్తుంది.

అసలు చిక్కు వేరే ఉంది. ఇది ఖాళీ కడుపుతో వేసుకోవాల్సిన మందు: తిండికి గంట ముందు, లేదా రెండు గంటల తర్వాత. అన్నంతో వేసుకుంటే మందు ఒంటికి పట్టేది సగానికి పడిపోతుంది. ఐరన్ మాత్రతో కలిపి వేసుకుంటే మూడో వంతే పడుతుంది. పుల్లటి తేన్పులకు తాగే గులాబి రంగు సిరప్ కూడా మందును అడ్డుకుంటుంది. ఖాళీ కడుపుతో వేసుకుంటే వికారం, తిండితో వేసుకుంటే మందు వృథా. జనం ఇక్కడే తికమక పడతారు.

ఒకాయన తన మాత్రలు కాగితం మీద పెట్టి చూపించారు. పొద్దున ఎనిమిదింటికి చాయ్‌తో పెన్సిలమిన్, ఐరన్, జింక్, గ్యాస్ సిరప్, అన్నీ ఒకేసారి మింగేస్తున్నారు. కడుపు మండుతోంది, మందూ పనిచేయడం లేదు. గ్యాస్ సిరప్ తప్ప ఆయన మందుల్లో ఏదీ తీసేయకుండా, ఆయన డాక్టర్‌తో మాట్లాడి టైములు మార్చాం. లేవగానే ఆరింటికి గ్లాసు నీళ్లతో పెన్సిలమిన్ మొదటి డోసు. ఏడున్నరకు టిఫిన్, చాయ్. పదకొండున్నరకు రెండో డోసు, ఒంటిగంటకు భోజనం. నాలుగింటికి గుప్పెడు మరమరాలతో ఐరన్, జింక్. ఆరున్నరకు మూడో డోసు, ఎనిమిదింటికి రాత్రి భోజనం, పదిన్నరకు నాలుగోది. గ్యాస్ సిరప్ ఆపేశారు. వికారం పూర్తిగా పోలేదు కానీ, మంట తగ్గింది, పని చేసుకోగలిగారు. ఇదే టైంటేబుల్ అందరికీ సరిపోతుందని కాదు. పాలు, చాయ్, చిరుతిండి, ఇంకే మందైనా కనీసం గంట దూరం, భోజనం తర్వాతైతే రెండు గంటలు, ఐరన్ అయితే రెండు గంటల దూరం అన్న లెక్క పట్టుకుంటే ఎవరి టైంటేబుల్ వాళ్లు వేసుకోవచ్చు.

పెన్సిలమిన్ బి6 విటమిన్‌ను తగ్గిస్తుంది కాబట్టి డాక్టర్లు సాధారణంగా రోజుకు 25 మి.గ్రా. బి6 కూడా రాస్తారు. రాయకపోతే అడగండి. పెన్సిలిన్ ఇంజెక్షన్ పడనివాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. రక్తకణాలు, మూత్రంలో ప్రోటీన్ పరీక్షలు మొదట్లో తరచుగా చేయించుకోవాలి. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు ఇది అంత మంచి ఎంపిక కాదు, ఎందుకంటే ఈ మందే మూత్రంలో ప్రోటీన్ పోయేలా చేయగలదు.

సక్సిమర్‌కు ఇంకో పేరు డీఎంఎస్ఏ. నోటితో వేసుకునే వాటిలో కడుపుకూ కిడ్నీకీ పెన్సిలమిన్ కంటే మెరుగని నా అభిప్రాయం, దొరికితే. అమెరికాలో 1991లో దీన్ని పిల్లల్లో సీసం విషానికి అనుమతించారు. పాదరసానికి కూడా డాక్టర్లు అదే పద్ధతి పాటిస్తారు: కిలో బరువుకు 10 మి.గ్రా. చొప్పున రోజుకు మూడుసార్లు 5 రోజులు, తర్వాత రోజుకు రెండుసార్లు 14 రోజులు, మొత్తం 19 రోజులు. లెక్క వేసి చూడండి. 60 కిలోల మనిషికి ఒక్కో పూటకు 600 మి.గ్రా. క్యాప్సూల్ 100 మి.గ్రా. దే అయితే ఒకేసారి ఆరు మింగాలి. ఆ ఆరింటిలోనూ గంధకం ఉంటుంది. సీసా మూత తీయగానే కుళ్లిన కోడిగుడ్డు వాసన కొడుతుంది. మందు పాడైందనుకుని వాపసు తెచ్చేవాళ్లున్నారు. పాడవలేదు, దాని వాసనే అంత. మూత్రానికి, చెమటకు, తేన్పులకు కూడా ఆ వాసన వస్తుంది.

ఈ మందులోని సౌకర్యం ఏమిటంటే, ఖాళీ కడుపు నియమం లేదు. మింగలేని పిల్లలకు క్యాప్సూల్ విప్పి, గింజలను చల్లారిన మెత్తటి తిండి మీద చల్లి ఇవ్వవచ్చు. మెదిపిన అరటిపండు గుజ్జులో వాసన కొంత అణుగుతుంది. వేడి గంజిలో, సాంబారులో వేయకండి. కలిపిన వెంటనే తినిపించాలి, పొద్దున కలిపి మధ్యాహ్నానికి దాచకూడదు. వికారం, విరేచనాలు, ఇనుప రుచి దీనితోనూ వస్తాయి. లివర్ ఎంజైములు పెరగవచ్చు, తెల్ల రక్తకణాలు తగ్గవచ్చు కాబట్టి రక్త పరీక్షలు తప్పవు. దొరకడమే కష్టం. హైదరాబాద్‌లో కూడా ఫోన్ చేసి కనుక్కున్నాకే బయల్దేరండి. కోర్సు మొత్తానికి సరిపడా చేతికొచ్చాకే మొదలుపెట్టండి, సగంలో అయిపోతే మళ్లీ వెతుక్కోవాలి.

డీఎంపీఎస్ అనేది సక్సిమర్‌కు దగ్గరి చుట్టం. నరానికి ఇంజెక్షన్‌గానూ ఇస్తారు, నోటితోనూ ఉంది. వాంతులతో ఏదీ నిలవని మనిషికి, కిడ్నీ మీద దెబ్బ పడ్డ మనిషికి నిపుణులు దీన్ని ఎంచుకుంటారు. ఇంజెక్షన్ కాబట్టి కడుపుకు కొంత ఊరట. ఒంటి మీద దద్దుర్లు వస్తే మాత్రం వెంటనే ఆపాల్సి ఉంటుంది. మన జిల్లాల్లో ఇది చేతికి అందే మందు కాదు.

బాల్ ఇంజెక్షన్, అసలు పేరు డైమెర్కాప్రోల్, రెండో ప్రపంచ యుద్ధం నాటిది. విషవాయువుకు విరుగుడుగా బ్రిటన్‌లో తయారుచేశారు. పల్లీ నూనెలో కలిపిన మందు, కండలో లోతుగా వేస్తారు, చాలా నొప్పి. వాంతులు, లాలాజలం, నోరు గొంతు మంట, కడుపునొప్పి, బీపీ పెరగడం, అన్నీ దీనితోనే ఎక్కువ. మరి ఎందుకు వాడతారు? పాదరసపు లవణం మింగి పేగు కాలి, నోటితో ఏదీ ఇవ్వలేని స్థితిలో ఆసుపత్రిలో చేతికందేది ఇదే కావచ్చు. అక్కడ కడుపు సౌకర్యం రెండో మాట. పల్లీ పడనివాళ్లు ముందే చెప్పాలి. దీనితో ఐరన్ మాత్ర కలవకూడదు, రెండూ కలిస్తే విషం. రక్తహీనతకు ఇంటింటా ఐరన్ మాత్రలుండే మన దగ్గర ఈ మాట గట్టిగా గుర్తుంచుకోవాలి. చేపల నుంచి వచ్చే మిథైల్ పాదరసానికి బాల్ ఇవ్వకూడదు, పాదరసాన్ని మెదడు వైపు నెట్టే ప్రమాదం ఉంది.

ఈడీటీఏ డ్రిప్పు పెడతామని ఎవరైనా అంటే వద్దనండి. అది సీసానికి పనికొచ్చే మందు, పాదరసానికి కాదు. ఈడీటీఏలో రెండు రకాలున్నాయి, ఒకటనుకుని ఇంకొకటి ఎక్కిస్తే ప్రమాదం. ఈడీటీఏ ఎక్కించాక కాల్షియం పడిపోయి అమెరికాలో 2003-2005 మధ్య ముగ్గురు చనిపోయారు. వాళ్లలో ఇద్దరు పిల్లలు. ఆటిజానికి కీలేషన్ చేస్తామనే మాటకూ ఇదే జవాబు. దానివల్ల మేలు జరుగుతుందనడానికి ఆధారం లేదని జరిగిన పరిశోధనలను జల్లెడ పట్టే కోక్రేన్ సమీక్ష 2015లో చెప్పింది. పిల్లల మీద ప్రేమతోనే తల్లిదండ్రులు దీనివైపు వెళ్తారు, నాకు తెలుసు. అయినా అందుకు మందు అమ్మను.

వికారానికి: తిండి, టైము, ఆ తర్వాతే మాత్ర

సక్సిమర్ అయితే తిండితో వేసుకోవడం మొదటి మార్పు. పెన్సిలమిన్ అయితే అది కుదరదు కాబట్టి, డోసు చిన్నగా మొదలుపెట్టి మెల్లగా పెంచవచ్చేమో డాక్టర్‌ను అడగాలి. మీరే సగం మాత్ర మానేయడం మాత్రం వద్దు. అప్పుడు మందు పడనట్టా, డోసు చాలనట్టా ఎవరికీ తెలియదు.

నూనె, కారం కొన్ని రోజులు తగ్గించండి. సకినాలు, సర్వపిండి, మామిడికాయ తొక్కు చికిత్స అయ్యాక తినవచ్చు. జొన్న గట్క మజ్జిగతో, మెత్తటి పెరుగన్నం, గంజి, ఇడ్లీ, ఉడికించిన ఆలుగడ్డ, ఇవి పడతాయి. ఒకేసారి పళ్లెం నిండా కాకుండా అయిదారుసార్లు కొంచెం కొంచెం. వికారానికి అల్లం ముక్క నమలడం, సొంఠి నీళ్లు తాగడం మంచిదే. జీలకర్ర నీళ్లు హాని చేయవు.

ఇవి చాలకపోతే వాంతి మాత్ర. ఒండన్‌సెట్రాన్, డోంపెరిడోన్ రెండూ చీటీ మీదే తీసుకోవాలి. ఒండన్‌సెట్రాన్ వాంతిని బాగా ఆపుతుంది కానీ మలబద్ధకం చేస్తుంది. విరేచనాలూ వాంతులూ కలిసి ఉన్నవాళ్లకు అది నప్పుతుంది, ముందే బిగుసుకున్న కడుపుకు నప్పదు. గుండె జబ్బు మందులు వాడేవాళ్లు రెండింటిలో ఏదైనా డాక్టర్‌కు చెప్పే వేసుకోవాలి.

విరేచనాలకు

ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్ మొదటిది, రెండోది, మూడోది. లీటరు ప్యాకెట్‌ను లీటరు నీళ్లలోనే కలపాలి, గ్లాసులో సగం ప్యాకెట్ వేసి తాగకూడదు. పండ్ల రుచితో డబ్బాల్లో వచ్చే తియ్యటి పానీయాలు ఓఆర్ఎస్ కాదు, చక్కెర ఎక్కువ కాబట్టి విరేచనాలు పెరుగుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్లపాటు పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ డబ్బాల మీద ఓఆర్ఎస్ పేరు వాడకూడదని ఆదేశించింది. అయినా పాత అలవాటుతో అడిగేవాళ్లున్నారు, ఇచ్చేవాళ్లూ ఉన్నారు. ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందా చూడండి.

ఏప్రిల్, మే నెలల్లో వరంగల్, కరీంనగర్, రామగుండం ఎండల్లో ఈ చికిత్స నడుస్తుంటే ఇంకా జాగ్రత్త. విరేచనాలు లేకపోయినా చెమటతోనే నీళ్లు పోతాయి. పలుచటి మజ్జిగ, అంబలి రోజంతా దగ్గర పెట్టుకోండి. మూత్రం పసుపు ముదిరిందంటే తాగేది చాలడం లేదని అర్థం. చికిత్స అత్యవసరం కాకపోతే, ఎండలు తగ్గాక మొదలుపెట్టవచ్చా అని డాక్టర్‌ను అడగడంలో తప్పు లేదు. కిడ్నీ జబ్బుతో నీళ్లు కొలిచి తాగమన్నవాళ్లకు మాత్రం ఈ లెక్క వర్తించదు, వాళ్ల కొలత డాక్టరే చెప్పాలి.

విరేచనాలు ఆపే లోపెరమైడ్ మాత్ర పెద్దవాళ్లకు ప్రయాణంలో ఒకటి రెండుసార్లు పనికొస్తుంది. జ్వరం, రక్తం, జిగట ఉంటే వేసుకోకూడదు. చిన్నపిల్లలకు అసలు వద్దు. పేగుకు మేలు చేసే సూక్ష్మజీవులుండే ప్రోబయోటిక్ క్యాప్సూళ్లకు నేను పెద్దగా ఓటు వేయను. ఇంట్లో తోడుపెట్టిన పెరుగు చాలు. తెల్ల కణాలు తగ్గినవాళ్లు ఈస్ట్ అనే ఫంగస్‌తో చేసిన ప్రోబయోటిక్ తీసుకోకూడదు.

నాలుక మీద, బుగ్గల లోపల తెల్లటి పూత వస్తే ఫంగస్ కావచ్చు. దానికి చక్కెర మానేస్తే పోతుందని, లోపలి ఈస్ట్ అంతా చావాలని నెలల తరబడి ఉపవాసాలు చేసేవాళ్లను చూశాను. బరువు తగ్గి, నీరసపడి, చివరికి చికిత్సే మధ్యలో ఆగిపోయింది. నోరు డాక్టర్‌కు చూపిస్తే కొద్ది రోజుల మందుతో పోయేదానికి అంత కష్టం అక్కర్లేదు.

మలబద్ధకానికి ఇసబ్‌గోల్ మంచిదే, నిండు గ్లాసు నీళ్లతో, కీలేషన్ మందుకు రెండు గంటల దూరంలో. లాక్టులోజ్ సిరప్ కూడా ఫరవాలేదు. ఆముదం, బేది మాత్రలు ఈ చికిత్సలో వద్దు.

పక్కన వేసుకునేవి

కొత్తిమీర రసం, క్లోరెల్లా అనే నాచు పొడి, బొగ్గు మాత్రలు, ఆల్ఫా లిపోయిక్ యాసిడ్. ఇవన్నీ పాదరసాన్ని లాగేస్తాయని వీడియోల్లో చెప్తారు. కొత్తిమీర కూరలో బాగుంటుంది, మందుగా ఆధారం లేదు. బొగ్గు మాత్ర లోహాలను సరిగా పట్టుకోలేదు, మీరు వేసుకున్న మందులను మాత్రం పట్టుకుంటుంది, మలబద్ధకం చేస్తుంది. ఆల్ఫా లిపోయిక్ యాసిడ్ కడుపును తిప్పుతుంది. అది పాదరసాన్ని ఒంట్లో ఒకచోటి నుంచి మరోచోటికి కదిలించవచ్చని జంతువుల మీద చేసిన పరిశోధనలు చెప్తున్నాయి. రాత్రి కూడా అలారం పెట్టుకుని మూడు నాలుగు గంటలకోసారి చిన్న డోసులు వేసుకునే పద్ధతి ఇంటర్నెట్‌లో బాగా ప్రచారంలో ఉంది. దానికి సరైన పరీక్షల బలం లేదు, నిద్ర చెడిపోవడం మాత్రం ఖాయం. కీలేషన్ చేస్తామని చీటీ లేకుండా అమ్మే వస్తువుల మీద 2010లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కంపెనీలకు హెచ్చరికలు పంపింది.

కడుపు గొడవ మొదలైతే ముందు ఆపాల్సినవి ఇవే. డాక్టర్ రాయని ప్రతిదీ మూడు నాలుగు రోజులు పక్కన పెట్టి చూడండి. చాలామందికి అక్కడితోనే తేడా తెలుస్తుంది. రసౌషధం ఇంకా నడుస్తుంటే అది ఈరోజే ఆపాలి. ఆ సీసా పారేయకుండా డాక్టర్‌కు చూపించండి.

ఇంట్లో ఉండాలా, వెళ్లాలా

మందు వేసుకున్నాక కాసేపు వికారం, రోజుకు రెండు మూడు పలుచటి విరేచనాలు, నోట్లో రుచి తేడా, ఇవి ఇంట్లో చూసుకోవచ్చు. తర్వాత డాక్టర్‌ను కలిసినప్పుడు చెప్తే సరిపోతుంది.

తాగిన నీళ్లు కూడా నిలవకపోవడం, ఆరేడు గంటలు మూత్రం రాకపోవడం, మలంలో రక్తం, కళ్లు పచ్చబడటం, జ్వరంతో గొంతునొప్పి, నోట్లో కొత్తగా పుండ్లు, ఒంటి మీద దద్దుర్లు లేదా తోలు ఊడటం, ముఖం కాళ్లు వాయడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తర్వాతి డోసు వేసుకోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. జ్వరం, గొంతునొప్పిని జలుబు కింద కొట్టేయవద్దు, తెల్ల కణాలు పడిపోయినప్పుడు మొదట కనిపించేవి అవే. ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్లకు మలం నల్లగా రావడం మామూలే. ఐరన్ వేసుకోకుండానే నల్లగా, జిగటగా, తారులా వస్తే అది రక్తం.

వరంగల్ చుట్టుపక్కలవాళ్లకు రాత్రిపూట ఎమర్జెన్సీ అంటే ఎంజీఎం ఆసుపత్రి ఉంది. వాడుతున్న మందుల సీసాలు, రిపోర్టులు సంచిలో వేసుకుని వెళ్లండి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం రాత్రింబవళ్లు డాక్టర్లకు ఫోన్‌లో సలహా ఇస్తుంది. మీ డాక్టర్ ఈ కేసు కొత్తదంటే ఆ సంగతి గుర్తుచేయండి. చికిత్సంతా హైదరాబాద్‌లోనే జరగాలని లేదు. మొదట కిడ్నీ డాక్టర్‌నో, నిమ్స్ లాంటి పెద్ద ఆసుపత్రినో కలిసి మందు, డోసు నిర్ణయించుకుని, రక్త మూత్ర పరీక్షలు ఇక్కడే చేయించుకుంటూ ఫోన్‌లో చెప్పడం చాలామందికి కుదిరే పద్ధతి. వారానికోసారి కాజీపేటలో రైలెక్కి వాంతులతో వెళ్లి రావడం కంటే అది నయం. అయితే ఇక్కడ మిమ్మల్ని చూసే డాక్టర్ ఒకరు తప్పకుండా ఉండాలి. దూరంగా ఉన్న డాక్టర్ మీ కడుపు నొక్కి చూడలేరు.

మొదటి కోర్సు అయ్యాక కణాల్లో మిగిలిన పాదరసం మళ్లీ రక్తంలోకి వస్తుంది, కాబట్టి వెంటనే చేసిన పరీక్ష మోసం చేస్తుంది. సాధారణంగా రెండు వారాలైనా ఆగి మళ్లీ పరీక్షిస్తారు. ఆ విరామంలో కడుపు పూర్తిగా కుదుటపడితే గొడవ మందుదే, రెండో కోర్సు కావాల్సి వస్తే వేరే మందు అడగవచ్చు. మందు ఆపినా వికారం, నోటి పుండ్లు అలాగే ఉంటే, ఇంకా ఎక్కడో పాదరసం ఒంట్లోకి వెళ్తోందేమో చూడాలి: పని చేసే గది, బాత్రూంలో క్రీమ్ డబ్బా, అల్మరాలో రసౌషధం. రెండో కోర్సు చీటీ రాయించుకునే ముందు ఆ మూడు చోట్లూ వెతకండి.